‘మెమరీ ఫుల్’ అంటే ఏది నిండినట్టు?

అందరికీ నమస్కారం.

మొదట ఒక మాట దగ్గర చిక్కు విప్పుకుందాం. మన వాడుకలో ‘మెమరీ’ అనే ఒక్క మాట మూడు వేరువేరు వస్తువులకు పేరైపోయింది. ఫోన్ కొనడానికి వెళ్తే షాపులో ‘ఆరు, నూట ఇరవై ఎనిమిది’ అంటారు. ఆరు జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్. రెండూ జీబీలే, రెండింటినీ మెమరీ అనే పిలుస్తాం. పక్కన దూర్చే కార్డు కూడా మెమరీ కార్డే. దీనివల్ల ఏమవుతోందంటే, ర్యామ్ చాలక ఫోన్ హ్యాంగ్ అవుతుంటే పిల్లల ఫోటోలు డిలీట్ చేసేవాళ్లున్నారు. ఫోటోలకు చోటు లేదంటే వెనక తెరిచి ఉన్న యాప్‌లన్నీ పైకి తోసి మూసేసేవాళ్లున్నారు. ఇద్దరూ కష్టపడేది వేరే గదిలో.

అందుకని ఈ సాయంత్రం మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: నా డేటా ఈ నిమిషంలో ఎక్కడుంది? ర్యామ్‌లోనా, ఫోన్ లోపలి చిప్పులోనా, కార్డులోనా, ఎక్కడో దూరంగా కంపెనీవాళ్ల కంప్యూటర్‌లో, అంటే సర్వర్‌లోనా? దీనికి జవాబు తెలిస్తే దేన్ని చెరపాలో, దేన్ని ముట్టుకోకూడదో దానంతటదే తెలుస్తుంది.

ర్యామ్ అంటే ఫోన్ ఇప్పుడు చేస్తున్న పనిని పరుచుకునే పనిబల్ల, స్టోరేజ్ అంటే దాచుకునే బీరువా. ర్యామ్ సంగతి ముందు చూద్దాం. ర్యామ్‌లో ఒక్కో బిట్‌కి, అంటే ఒకటో సున్నానో దాచే ఒక్కో గడికి, మీటలా పనిచేసే ఒక ట్రాన్సిస్టరు, ఛార్జి పట్టే ఒక బుల్లి కెపాసిటరు ఉంటాయి. కెపాసిటరులో ఛార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆరు జీబీ ర్యామ్ అంటే ఇలాంటి కెపాసిటర్లు అయిదు వేల కోట్లకు పైగా ఉన్నట్టు. ఇవన్నీ చిల్లు కుండల్లాంటివి, నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకని మామూలుగా 32 లేదా 64 మిల్లీసెకన్లకోసారి ప్రతి వరసనీ చదివి మళ్లీ నింపాలి. సెకనుకి పదిహేను సార్లకు తక్కువ కాకుండా, ఫోన్ మన జేబులో ఊరికే ఉన్నప్పుడు కూడా ఈ పని సాగుతూనే ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయిందంటే నింపేవాడు లేడు, ర్యామ్‌లో ఉన్నదంతా పోయినట్టే.

లోపలి స్టోరేజ్ ఫ్లాష్ చిప్పు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టినది. ఇప్పుడు మన ఫోన్లలో, పెన్‌డ్రైవ్‌లలో, కార్డుల్లో ఉండే నాండ్ రకాన్ని ఆయన బృందం 1987లో ప్రకటించింది. ఇందులో ఎలక్ట్రాన్లను చుట్టూ ఇన్సులేషన్ ఉన్న అరలో బంధిస్తారు. కరెంటు లేకపోయినా అవి అక్కడే ఉంటాయి. ఒక్కో అరలో ఎంత ఛార్జి ఉందో ఎనిమిది మెట్లుగా కొలిచి, ఒక అరలోనే మూడు బిట్లు దాస్తారు. ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా ఉండేది ఈ రకమే.

ఇక్కడ కాస్త నిదానిద్దాం. ఫ్లాష్‌కి ఒక విచిత్రమైన గుణం ఉంది, ఫోన్ ఎందుకు నెమ్మదిస్తుందో అర్థమయ్యేది దాని దగ్గరే. మన చిన్నప్పటి పలక గుర్తు తెచ్చుకోండి. ఈ పలక మీద ఒక్కో వరస విడిగా రాయొచ్చు, కానీ తుడిస్తే మొత్తం పలక తుడవాల్సిందే. ఒక్క వరసే తుడుస్తానంటే కుదరదు. ఆ వరసని పేజీ అంటారు, కొన్ని కేబీలు ఉంటుంది, నాలుగు నుంచి పదహారు దాకా. పలకని బ్లాకు అంటారు, అందులో వందల పేజీలు ఉంటాయి. మధ్యలో ఒక్క వరస మార్చాలంటే చిప్పులోని కంట్రోలరు, అంటే ఈ రాతకోతలన్నీ నడిపే భాగం, ఏం చేస్తుంది? కొత్త వరసని ఖాళీ పలక మీద రాసి, పాతది చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది. తీరిక దొరికినప్పుడు, పాత పలక మీద ఇంకా పనికొచ్చే వరసల్ని వేరే పలకకి ఎత్తి రాసి, పాతదాన్ని మొత్తంగా తుడుస్తుంది. చుట్టూ శుభ్రమైన పలకలు నాలుగుంటే ఈ పని హాయిగా సాగుతుంది. 128కి 126 జీబీ నింపేశారనుకోండి, ఖాళీ పలకలుండవు. ఒక చిన్న మెసేజ్ రాయడానికి ముందు ఎత్తడం, తుడవడం అన్నీ అప్పటికప్పుడు చేయాలి. మీరు కెమెరా బటన్ నొక్కితే రెండు సెకన్లు ఆలోచించేది అప్పుడే. అందుకే పదో వంతు, వీలైతే ఏడో వంతు ఖాళీగా ఉంచమని చెప్తాను. 128 జీబీ ఫోన్‌లో పన్నెండు నుంచి పద్దెనిమిది జీబీలు.

నిండా నిండితే జరిగేది నెమ్మదించడం ఒక్కటే కాదు. మెసేజ్‌లు, కాంటాక్టులు, ఫోటోల జాబితా అన్నీ చిన్న చిన్న డేటాబేసుల్లో ఉంటాయి. రాయడానికి చోటు లేకపోతే ఆ డేటాబేసు మార్పుని తిప్పి పంపేస్తుంది. వచ్చిన మెసేజ్ కనపడదు, వీడియో మధ్యలో ఆగిపోతుంది. యాప్ అప్‌డేట్‌కి ఇంకో లెక్క ఉంది. రెండు వందల ఎంబీ యాప్‌కి కొత్తది దించి, విప్పి, పెట్టేదాకా పాతది కూడా ఉండాలి, అంటే దానికి రెట్టింపు పైన చోటు కావాలి. మరీ చివరికొస్తే కొన్ని ఫోన్లు రీస్టార్ట్ చేసినప్పుడు కంపెనీ బొమ్మ దగ్గరే నిలబడిపోతాయి. కాబట్టి స్టోరేజ్ సున్నాకి వచ్చిన ఫోన్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయకండి. ముందు ఒకటి రెండు జీబీలు ఖాళీ చేయండి, రీస్టార్ట్ తర్వాత.

ఫ్లాష్ అరిగిపోతుందని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అరుగుదల నిజమే. మూడు బిట్ల రకంలో ఒక్కో బ్లాకుని ఇంచుమించు వెయ్యి నుంచి మూడు వేల సార్లు తుడవొచ్చు. లెక్క వేద్దాం. 128 జీబీ చిప్పు, వెయ్యి సార్లు, అంటే 1,28,000 జీబీ రాతలు. రోజుకి 10 జీబీ రాసినా 12,800 రోజులు, 35 ఏళ్లు. ఇందాక చెప్పిన ఎత్తిపోతల వల్ల లోపల నాలుగింతలు రాతలు జరిగాయనుకున్నా ఎనిమిదేళ్ల పైమాటే. ఫోన్ బ్యాటరీ అంతకాలం ఉండదు. అరుగుదల గురించి నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు.

మరి బ్యాటరీ అయిపోతే అన్నీ పోతాయన్న భయం పెద్దవాళ్లలో ఎందుకుంది? ఆ భయానికి చరిత్ర ఉంది. 1996లో పామ్ కంపెనీ పైలట్ వచ్చింది, అరచేతిలో ఇమిడే కంప్యూటర్. పైలట్ 1000లో 128 కేబీ, పైలట్ 5000లో 512 కేబీ. జీబీలు కావు, ఎంబీలు కూడా కావు. దాంట్లో ర్యామ్, స్టోరేజ్ అని రెండు లేవు. ఉన్న ర్యామ్‌లోనే కొంత భాగం పనిబల్లగా, మిగతాది బీరువాగా వాడేవాళ్లు. మీరు రాసుకున్న ఫోన్ నంబర్లు ర్యామ్‌లోనే ఉండేవి, ప్రోగ్రామ్ కూడా ఉన్నచోటే నడిచేది. ‘సేవ్’ అనే బటనే అక్కర్లేదు, రాసిందల్లా రాసినచోటే నిలిచేది. అంత చిన్న మెషీను అంత చురుగ్గా ఉండటానికి కారణం అదే.

దానికి చెల్లించిన ధర ఏమిటంటే, ర్యామ్ బతుకంతా రెండు సన్న పెన్సిల్ సెల్లుల మీద ఉండేది. సెల్లులు మార్చేటప్పుడు లోపలి కెపాసిటరు ఇంచుమించు ఒక్క నిమిషం ర్యామ్‌ని బతికించేది. ఆ నిమిషంలో కొత్తవి పెట్టకపోతే అన్నీ పోయేవి. అందుకే పామ్‌తో పాటు స్టాండు ఇచ్చేవాళ్లు. అందులో పెట్టి ఒక్క బటన్ నొక్కితే మొత్తం డేటా పక్కనున్న కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేది, హాట్‌సింక్ అనేవాళ్లు. రెండో కాపీ ఎప్పుడూ ఇంకోచోట ఉండాలన్నది ఆ వస్తువు పనితీరులోనే కలిసిపోయింది. ఇప్పటి ఫోన్ల తయారీవాళ్లు ఆ స్టాండుని వదిలేయడం నాకు పెద్ద లోటుగానే అనిపిస్తుంది. విండోస్ మీద నడిచే పాకెట్ పీసీలదీ అదే కథ. ర్యామ్‌లో బీరువాకి ఎంత, పనిబల్లకి ఎంత అని జరిపే గీత ఒకటి సెట్టింగుల్లో ఉండేది. 2005లో విండోస్ మొబైల్ 5.0 వచ్చాక గానీ డేటా ఫ్లాష్‌లోకి మారలేదు.

పామ్‌లో ఇంకో ముచ్చట ఉంది, అది ఈనాటికీ పనికొస్తుంది. 2004లో ట్రియో 650 ఫోన్‌లో డేటాని ర్యామ్ నుంచి ఫ్లాష్‌కి మార్చారు. బ్యాటరీ తీసినా ఏదీ పోదని అందరూ సంతోషించారు. అయితే ర్యామ్‌లో అరవై బైట్ల కాంటాక్టుకి దాదాపు అరవై బైట్లే పట్టేవి. కొత్తదాంట్లో చోటు 512 బైట్ల అరలుగా కోసి ఉంది. అరవై బైట్లదైనా ఒక అర పూర్తిగా దానిదే. పాత ఫోన్‌లో చక్కగా పట్టిన డేటా కొత్తదాంట్లో పట్టక చాలామంది ఇబ్బంది పడ్డారు. తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాన్ని సర్దారు.

ఇప్పుడు మీ మెమరీ కార్డు చూడండి. 64 జీబీ కార్డుని ఎక్స్‌ఫ్యాట్ అనే, చోటుని అరలుగా పంచే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఒక్కో అర సాధారణంగా 128 కేబీ. అయిదు కేబీల బుల్లి బొమ్మకైనా 128 కేబీ అర ఇవ్వాలి. స్టిక్కర్లు, బుల్లి బొమ్మలు, యాప్‌ల తునకలు కలిపి పది వేల ఫైళ్లు కార్డులోకి కాపీ చేశారనుకోండి. అసలు సరుకు 50 ఎంబీ, ఆక్రమించేది 1.3 జీబీ. కంప్యూటర్‌లో ఫోల్డర్ మీద ప్రాపర్టీస్ చూస్తే ‘సైజ్’, ‘సైజ్ ఆన్ డిస్క్’ అని రెండు అంకెలు వేరువేరుగా కనపడేది ఇందుకే. ఫోన్ లోపలి స్టోరేజ్‌లో అర నాలుగు కేబీలే, అక్కడ ఈ బాధ తక్కువ. కాబట్టి చిన్న ఫైళ్ల గుట్టని కార్డుకి పంపాలంటే ముందు జిప్ చేసి ఒకే ఫైలుగా పంపండి.

మన దేశంలోనూ ఈ దారిలో ఒక మంచి ప్రయత్నం జరిగింది. 2000 దశకం మొదట్లో బెంగళూరులో ఐఐఎస్సీ ఆచార్యులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ చేశారు. లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే చేతి కంప్యూటర్. ఊరంతటికీ ఒకటే ఉన్నా పని జరగాలన్నది వాళ్ల ఆలోచన. అందుకని ఎవరి సొంత సమాచారం వాళ్ల స్మార్ట్ కార్డులో పెట్టుకునే ఏర్పాటు చేశారు. కార్డు దూర్చితే మెషీను మీది, తీసేస్తే ఇంకొకరిది. అది మార్కెట్‌లో నిలబడలేదు గానీ, డేటా ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గర ఉండాలి అని అంత శ్రద్ధగా ఆలోచించి చేసిన వస్తువులు తక్కువే.

సరే, మీ ఫోన్‌కి వద్దాం. పెట్టె మీద 128 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్‌కి పెడితే 119 అంటుంది. ఇందులో మోసం లేదు. తయారీవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కేస్తారు. విండోస్ 1,024ని మూడుసార్లు హెచ్చించి, 107 కోట్ల చిల్లర బైట్లని ఒక జీబీ అంటుంది. 128ని ఆ కొలతలో కొలిస్తే 119.2 వస్తుంది. 64 అయితే 59.6. కిలోమీటర్లని మైళ్లలో చెప్పినట్టే, దూరం మారదు. ఆ పైన ఆండ్రాయిడ్, కంపెనీ పెట్టిన యాప్‌లు కలిపి పది నుంచి పాతిక జీబీల దాకా తింటాయి. కాబట్టి 64 జీబీ ఫోన్ కొంటే మీ చేతికొచ్చేది 40, 45 మధ్య అనుకోండి. 

ఆ చోటులో ఏది ఎంత పడుతుంది? మన అక్షరంతో మొదలుపెడదాం. ఫైళ్లలో తెలుగు యూటీఎఫ్-8 అనే, అక్షరాల్ని అంకెలుగా రాసే పద్ధతిలో ఉంటుంది, ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. గుర్తు అంటే మనం చూసే అక్షరం కాదు. ‘శ్రీకాకుళం’ అన్న పేరు తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్‌కి పది గుర్తులు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, అక్కడికే నాలుగు. క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. పది మూళ్లు ముప్పై బైట్లు. ఎస్సెమ్మెస్‌లో లెక్క వేరు. ఒక సందేశానికి 140 బైట్లే. ఇంగ్లీషు అక్షరాలైతే ఏడేసి బిట్లతో 160 పడతాయి. తెలుగైతే గుర్తుకి రెండు బైట్లు కాబట్టి 70 గుర్తులే. అంటే శ్రీకాకుళం ఏడుసార్లు రాస్తే ఒక ఎస్సెమ్మెస్ నిండుతుంది, ఖాళీ కూడా మిగలదు. 71వ గుర్తు టైపు చేశారంటే అది రెండు సందేశాలు అవుతుంది, ఒక్కోదానిలో 67 పడతాయి.

అలాగని తెలుగు చోటు తింటుందని అనుకోకండి. పేజీకి 250 మాటలు, మాటకి ఎనిమిది గుర్తులు అనుకుంటే ఒక పేజీ ఆరు కేబీ. అయిదు వందల పేజీల నవల మూడు ఎంబీ. మీ ఫోన్ తీసే ఒక్క మామూలు ఫోటో అంతే ఉంటుంది, మూడు నుంచి అయిదు ఎంబీ. అదే నవలని పేజీ పేజీ స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే యాభై, వంద ఎంబీలు దాటుతుంది, ఎందుకంటే అప్పుడది అయిదు వందల ఫోటోలు.

అసలు తిండిపోతు వీడియో. 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీలో ఫోన్లు సాధారణంగా సెకనుకి 17 మెగాబిట్ల దగ్గర రికార్డు చేస్తాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగించండి, సెకనుకి 2.1 ఎంబీ, నిమిషానికి 127 ఎంబీ. గంటసేపు పెళ్లి తీస్తే ఏడున్నర జీబీ. ఇంకా స్పష్టంగా ఉండే 4కే పెడితే నిమిషానికి 350 ఎంబీ దాకా, గంటకి 21 జీబీ. కెమెరా సెట్టింగుల్లో హెచ్‌ఈవీసీ లేదా ‘హై ఎఫిషియెన్సీ’ అని ఒకటి ఉంటుంది, అది ఆన్ చేస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. పాత కంప్యూటర్లలో, కొన్ని టీవీల్లో ఆ వీడియో ఆడకపోవచ్చు. ముందు పది సెకన్లు తీసి, మీరు ఎక్కడ చూస్తారో అక్కడ ఆడుతుందో లేదో చూసి అప్పుడు పెట్టుకోండి.

ఇక వాట్సాప్. మీ గ్యాలరీలో ఒక వీడియో ఉంది, దాన్ని అక్కకి పంపారు. వాట్సాప్ దాన్ని కుదించి తన ‘సెంట్’ ఫోల్డర్‌లో ఇంకో కాపీ పెట్టుకుంటుంది. అదే వీడియోని ఎవరో తిరిగి ఫ్యామిలీ గ్రూపులో వేస్తే మూడో కాపీ కూడా రావచ్చు. ఆ పైన వాట్సాప్ రోజూ తెల్లవారుజామున రెండింటికి మెసేజ్‌ల డేటాబేసుని ఫోన్‌లోనే బ్యాకప్ తీసి, ఏడు రోజులవి దాకా ఉంచుతుంది. చాలా ఏళ్ల మెసేజ్‌లున్న ఫోన్‌లో ఒక్కోటి కొన్ని వందల ఎంబీలుంటే, ఏడూ కలిపి మూడు నాలుగు జీబీలు ఎవరికీ కనపడకుండా కూర్చుంటాయి.

శుభ్రం చేసే దారి ఇది. వాట్సాప్ సెట్టింగులు, అందులో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. పైన రెండు గుత్తులు కనపడతాయి: చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, అయిదు ఎంబీ దాటినవి. మొదటిదాంట్లో గుడ్ మార్నింగ్ పూలు, పండగ శుభాకాంక్షలు ఉంటాయి, పైపైన చూసి తీసేయొచ్చు. రెండోదాంట్లో మాత్రం నిదానంగా చూడాలి, అమ్మమ్మ పంపిన పాత వీడియో అక్కడే ఉంటుంది. ఆ తర్వాత అదే స్టోరేజ్ అండ్ డేటాలో ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌లో వీడియోల దగ్గర టిక్కు తీసేయండి, వైఫైకీ మొబైల్ డేటాకీ రెండింటికీ.

చెరిపాక చోటు పెరగలేదని కంగారు పడకండి. గూగుల్ ఫోటోస్‌లో చెరిపినవి చెత్తబుట్టలోకి వెళ్తాయి, బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు అక్కడే ఉంటాయి. ఐఫోన్‌లోనూ ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజులు. చోటు అప్పటికప్పుడు కావాలంటే బుట్ట ఖాళీ చేయాలి. చేశాక ఆ ఫోటో తిరిగి రాదు. ఎందుకు రాదో చెప్తాను. ఫైలు చెరిపితే సిస్టమ్ ముందు జాబితాలో పేరు కొట్టేస్తుంది, తర్వాత ఈ పేజీలు ఇక అక్కర్లేదని ఫ్లాష్ కంట్రోలరుకి చెప్తుంది. కంట్రోలరు ఆ పలక తుడిచేస్తుంది. పైగా ఇప్పటి ఫోన్లలో ప్రతి ఫైలూ తాళం వేసే ఉంటుంది, ఫైలుతో పాటు ఆ తాళంచెవి కూడా పోతుంది. పోయిన ఫోటోలు తెస్తామనే యాప్‌లు చాలావరకు గ్యాలరీ దాచుకున్న బుల్లి బొమ్మల్ని ఏరి చూపిస్తాయి. వాటికి డబ్బు కట్టకండి.

గూగుల్ ఫోటోస్‌తో ఇంకో ప్రమాదం. బ్యాకప్ అయిపోయింది కదా అని ఆ యాప్‌లోనే ఫోటోలు ఎంచి డిలీట్ కొడితే ఫోన్‌లోనూ పోతాయి, సర్వర్‌లోనూ పోతాయి. ఫోన్‌లో మాత్రమే తీసేయాలంటే అదే యాప్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే మీట నొక్కాలి. ఈ రెండింటికీ తేడా తెలియక ఏళ్ల ఫోటోలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి, అందుకే గట్టిగా చెప్తున్నాను. ఆ సర్వర్‌లో మీకు ఉచితంగా ఉన్నది 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ అందులోనే, 2021 జూన్ 1 నుంచి ఫోటోలకు మినహాయింపు పోయింది.

(సభలోంచి ప్రశ్న: అండీ, ‘క్లియర్ క్యాష్’, ‘క్లియర్ డేటా’ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏది నొక్కాలి?)

క్యాష్ నొక్కండమ్మా, డేటా జోలికి పోకండి. క్యాష్ అంటే యాప్ మళ్లీ దించుకోగలిగిన సరుకు. చూసేసిన వీడియోల తునకలు, బొమ్మలు. తీసేస్తే మహా అయితే మొదటిసారి కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. డేటా అంటే ఆ యాప్‌కి మీరెవరో తెలిసే సమాచారం అంతా. వాట్సాప్‌లో డేటా క్లియర్ చేస్తే బ్యాకప్‌లో ఉన్నవి తప్ప మెసేజ్‌లు పోతాయి. డబ్బులు పంపే యాప్‌లో చేస్తే సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి మళ్లీ మొదటినుంచి రిజిస్టర్ చేసుకోవాలి. కొన్ని ఫోన్లలో దీని పేరు ‘క్లియర్ స్టోరేజ్’ అని ఉంటుంది. స్టోరేజ్ ఖాళీ అవుతుంది కదా అని నొక్కేస్తారు, పేరే తప్పుదారి పట్టించేలా ఉంది.

(ఇంకొకరు: నాది నాలుగు జీబీ ర్యామ్ ఫోన్. సెట్టింగుల్లో ఇంకో నాలుగు జీబీ ర్యామ్ పెంచుకోవచ్చని చూపిస్తోంది. పెంచుకోవచ్చా?)

అది ర్యామ్ కాదు బాబూ. లోపలి ఫ్లాష్‌లోంచి నాలుగు జీబీ తీసి, ర్యామ్‌లో పట్టనివి అక్కడికి నెట్టే ఏర్పాటు. ర్యామ్‌లోంచి చదవడానికి వంద నానోసెకన్లు పడితే, ఫ్లాష్‌లోంచి వంద మైక్రోసెకన్లు పడుతుంది. వెయ్యి రెట్లు. అరుదుగా వాడే యాప్ మళ్లీ మొదట్నుంచి తెరుచుకోకుండా ఉండటానికి కొంత పనికొస్తుంది. ఫోన్ వేగం పెరగదు. పైగా తక్కువ ధర ఫోన్లలో ఉండే ఈఎంఎంసీ చిప్పు ఒంటి వరస రోడ్డు లాంటిది, చదివేటప్పుడు రాయలేదు, రాసేటప్పుడు చదవలేదు. యూఎఫ్‌ఎస్ అనే ఇంకో రకం చిప్పు అయితే రెండు వరసలూ ఒకేసారి నడుస్తాయి. మీది ఈఎంఎంసీ అయితే ఆఫ్ చేసి, ఆ నాలుగు జీబీ ఫోటోలకు వాడుకోండి. అలాగే వెనక యాప్‌లని పదేపదే మూసేయడం కూడా మానండి. చోటు చాలకపోతే ఆండ్రాయిడే పాతవాటిని మూసేస్తుంది. మీరు మూసిన యాప్ మళ్లీ తెరిస్తే ఫ్లాష్‌లోంచి అంతా మొదట్నుంచి ఎక్కించాలి, బ్యాటరీ ఖర్చు అక్కడే ఎక్కువ.

(మరొకరు: మెమరీ కార్డు కొన్నాను, 512 జీబీ అని ఉంది, చాలా తక్కువకి వచ్చింది.)

వెంటనే పరీక్షించండి, ఫోటోలు వేయకముందే. నకిలీ కార్డులో నిజంగా ఉండే చిప్పు పదహారో, ముప్పై రెండో జీబీ ఉంటుంది. కంట్రోలరుకి మాత్రం 512 అని అబద్ధం చెప్పడం నేర్పిస్తారు. మొదటి పదహారు జీబీలు చక్కగా పనిచేస్తాయి. ఆ తర్వాత రాసినవి పాతవాటి మీదే పడతాయి, లేదా ఎక్కడా పడవు. ఫైలు పేరు కనపడుతుంది, తెరిస్తే బూడిదరంగు.

పరీక్ష ఇలా. కార్డుని రీడర్‌తో కంప్యూటర్‌కి పెట్టండి. విండోస్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్, మ్యాక్ అయితే ఎఫ్3, రెండూ ఉచితం. ఇవి కార్డుని అంచుల దాకా తమకు తెలిసిన అంకెలతో నింపి, తిరిగి చదివి సరిపోల్చుతాయి. సెకనుకి 20 ఎంబీ రాసే 128 జీబీ కార్డు నింపడానికే గంటా నలభై ఏడు నిమిషాలు పడుతుంది, మీ 512కి ఏడు గంటలు దాటుతుంది. రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున్న తప్పులున్నాయని చూపిస్తే అదే తెర ఫోటో తీసి, వాపసు గడువు లోపల తిప్పి పంపేయండి.

కార్డు మీది గుర్తులు కూడా చూసుకోండి. యూ3 లేదా వీ30 అంటే సెకనుకి కనీసం 30 ఎంబీ ఆగకుండా రాస్తుంది, 4కే వీడియోకి అది చాలు. ఏ1, ఏ2 అన్నవి యాప్‌లు నడపడానికి, చిన్న చిన్న తునకలు ఎంత చురుగ్గా అందిస్తుందో చెప్తాయి. 32 జీబీ దాకా కార్డులు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ పద్ధతిలో వస్తాయి. అందులో ఒక్క ఫైలు నాలుగు జీబీ దాటకూడదు. చోటున్నా పెద్ద సినిమా ఫైలు కాపీ కావడం లేదంటే కారణం అదే.

ఇంకో హెచ్చరిక. ఆండ్రాయిడ్ 6.0 నుంచి కొన్ని ఫోన్లలో కార్డు పెట్టగానే ‘పోర్టబుల్ స్టోరేజా, ఇంటర్నల్ స్టోరేజా’ అని అడుగుతుంది. ఇంటర్నల్ అంటే ఆ కార్డుకి ఫోన్ తాళం వేసేస్తుంది, తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ నీళ్లలో పడి చచ్చిపోయిందంటే కార్డు ఎంత బాగున్నా ఏ కంప్యూటరూ చదవలేదు. ఫోటోల కోసమైతే పోర్టబుల్ ఎంచుకోండి. తీసేముందు ఎజెక్ట్ నొక్కండి. కంట్రోలరు ఒక పలక నుంచి ఇంకో పలకకి ఎత్తి రాస్తున్న క్షణంలో లాగేస్తే ఆ రెండు పలకల మధ్యున్నది పోతుంది.

(వెనక వరసలోంచి: ఫోన్‌లోవి అన్నీ కంప్యూటర్‌లోకి మార్చుకోవాలి. వైరుతో కట్ చేసి పేస్ట్ చేయొచ్చా?)

కట్ వద్దు, కాపీ చేయండి. వైరు కదిలినా, ఫోన్ తెర లాక్ అయినా మధ్యలో తెగిపోతుంది. అప్పుడు ఏది ఎటు ఉందో తేల్చుకోవడం కష్టం. కెమెరా తీసిన ఫోటోలు, వీడియోలు ఉండే డీసీఐఎం ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు పోల్చండి. మొదట్లోవి రెండు, మధ్యలోవి రెండు, చివరివి రెండు తెరిచి చూడండి, వీడియోలైతే చివరిదాకా జరిపి చూడండి. దాన్నే ఇంకో హార్డ్‌డిస్కులోకీ కాపీ చేయండి. ఈ రెండూ అయ్యాకే ఫోన్‌లోవి చెరపండి. ఆ రెండో కాపీని పెన్‌డ్రైవ్‌లో వేసి అయిదేళ్లు బీరువాలో పెట్టేయకండి. కరెంటు తగలని ఫ్లాష్‌లో ఛార్జి మెల్లిగా కారుతుంది, వేడికి ఇంకా తొందరగా కారుతుంది. రెంటచింతల ఎండల్లో రేకుల కప్పు కింద ఉన్న పెన్‌డ్రైవ్‌ని, హైదరాబాద్‌లో నీడపట్టున ఉన్నదాన్ని ఒకలా చూడలేం. ఏడాదికోసారి కంప్యూటర్‌కి పెట్టి, ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసి, కొత్తదాంట్లోకి కాపీ చేయండి.